ఊఁ అన్నారు మాస్టారు

"మీ మాస్టారు పోయాడంటమ్మా," అన్నాడు పెదనాన్న, గుమ్మం పక్కన చెప్పులు విడుస్తూ.

ఆ 'మీ' అన్నచోట కాస్త ఆగి మరీ అన్నాడు. ఆగిరిపల్లి నుంచి నూజివీడు దాకా మామిడితోట ఉన్న ప్రతివాళ్ళకీ ఆయన మాస్టారే. ఒకప్పుడు మా పెదనాన్నకీ మాస్టారే. ఇప్పుడు మాత్రం నా ఒక్కదానికే మాస్టారయ్యారు. ఎందుకు కారు? ఆ మనిషిని నమ్మండని మా ఊళ్ళో గడపగడపకీ తిరిగి చెప్పింది నేనే కదా.

ఫోను తెరిస్తే అప్పటికే ఆయన ఫొటోకి దండలు వేసి పెట్టారు జనం. 'మామిడి రైతుల ఆత్మబంధువు' అని ఒకరు. 'రైతు గోడు విన్న చెవి' అని ఇంకొకరు. విన్న మాట నిజమే. ఆయనంత బాగా విన్నవాళ్ళని నేను చూడలేదు. ఆ విన్నదంతా ఎక్కడెక్కడికి చేరిందో ఈ దండలు వేసినవాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

ఆయన్ని తలుచుకుంటే నాకు మొహం కంటే ముందు ఆయన 'ఊఁ' వినిపిస్తుంది.

నూజివీడులో హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు పక్కన, పురుగుమందుల కొట్టు మేడ మీద గది ఆయనది. కింద మందుల వాసన, పైన కంప్యూటర్లు. హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో బాగానే వెలిగి, పైవాళ్ళతో పడక వచ్చేశారని చెప్పుకునేవారు. నిజమేనా అని ఆయన్నే అడిగితే "ఊఁ" అనేవారు. ఇంజనీరింగ్ అయిపోయి ఖాళీగా ఉన్న నాలాంటి వాళ్ళకి పాఠాలు చెబుతూ, మా చేత చిన్నాచితకా ప్రోగ్రాములు రాయిస్తూ ఉండేవారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, రెండో చెవి మాకు వదిలేసి కూర్చునేవారు. నేను ప్రోగ్రాంలో తప్పు దొరకట్లేదని చెబుతుంటే, పక్కవాళ్ళు ఫీజు గడువు అడుగుతుంటే, ఇయర్‌ఫోనులో టీచరుగారు ఇంటికి ఏం కావాలో చెబుతుంటే, అందరికీ కలిపి ఆయన ఊఁ కొట్టేవారు. టీచరుగారంటే వాళ్ళావిడే. చిన్నబళ్ళో పనిచేసిన మూలాన ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలిచేది. ఆయన బొటనవేలు కుర్చీ చేతి మీద ఒకసారి తట్టేది, నోట్లోంచి ఒక ఊఁ వచ్చేది. ఒక్కరినీ మరిచిపోయేవారు కాదు. సాయంత్రానికి నా తప్పు దొరికేది, పక్కవాళ్ళకి గడువు దొరికేది, టీచరుగారికి బెండకాయలు చేరేవి.

ఆ ఊఁలో రకాలుండేవి. ముక్కుతో అంటే నాకు తెలుసులే అని. సాగదీస్తే నమ్మకం కుదరలేదని. తుంచినట్టు అంటే తర్వాతేంటో చెప్పమని. మేం ఆ రకాలన్నీ కంఠతా పట్టాం అనుకునేవాళ్ళం. ఒక్కటి మాత్రం నాకు పట్టుబడలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

దేనికోసమైనా నిలబడి ఎదురుచూడటం ఆ మనిషి ఒంటికి పడేది కాదు. బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో దోసె చెప్పి, ఎదురుగా సెలూన్లో గెడ్డం గీయించుకోవడానికి పోయేవారు. ఓసారి ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఇదేంటండీ అన్నాను.

"దోసె ముందయిందమ్మాయ్. వాడు కేకేశాడు, వచ్చాను."

"కాసేపు ఇక్కడే కూర్చుంటే అయిపోయేదిగా?"

"పెనం వంక చూస్తా నుంచుంటే దోసె తొందరగా కాలుద్దా? పేరు చెప్పు, నీ పని నువ్వు చూసుకో. అయ్యాక వాడే పిలుస్తాడు."

ప్రోగ్రాం రాయడం గురించి నేను నేర్చుకున్నదంతా ఈ ముక్కలోనే ఉంది. ఇప్పుడు ఇంటి దగ్గర కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పనిచేస్తున్నాను. నా జీతం ఆ సగం గీసిన గెడ్డం పెట్టిన భిక్షే. అది కాదని అబద్ధమాడను.

నేను ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఏడాది ఈదురుగాలి ముందు మైలవరం వైపు కొట్టి, తర్వాత మా మీదికి వచ్చింది. మైలవరం వాళ్ళు రాలిన కాయల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టేశాక కూడా మాకు బోలెడంత వ్యవధి ఉంది. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే కోతకొచ్చిన కాయనైనా దింపుకునేవాళ్ళు. ఆ వారమే మాస్టారు నన్ను పిలిచి, జనం పెట్టే పోస్టుల్ని అప్పటికప్పుడు వినే ప్రోగ్రాం రాయమన్నారు. పోస్టులు ఏటిలా ఆగకుండా వస్తూనే ఉంటాయి. అందులో మామిడి, గాలి, కాయ, రేటు అనే మాటలున్నవి ఏరి, చుట్టుపక్కల రైతుల ఫోన్లకి వెంటనే పంపాలి. అదీ పని.

నేను రాసిన మొదటిది పోస్టు కోసం నోరు తెరుచుకుని కూర్చునేది. పోస్టు వస్తేగానీ తర్వాతి లైనుకి కదలదు. మాస్టారు వచ్చి ఏదో మీట నొక్కారు. తెర బిగుసుకుపోయింది.

"ఇదేంటమ్మాయ్, కొళాయి కింద బిందె పెట్టుకుని కూర్చుంది? నీళ్ళొస్తేగానీ లేవదా? ఇంట్లో పాలు పొంగిపోతున్నా లేవదా?"

సరే అని వినే పనిని విడిగా ఒక పక్కన కూర్చోబెట్టాను. తెర మామూలుగా పనిచేసింది. నేను మురిసిపోయాను. కానీ ఆ పక్కన కూర్చున్నది పోస్టు రాగానే చదివి, ఏ ఊరిదో కనుక్కుని, దాచి, అందరికీ పంపి, అప్పుడు రెండోది అందుకునేది. మామూలు రోజుల్లో బాగానే నడిచింది. ఒక సాయంత్రం గాలి లేచింది. పోస్టులు మీద మీద పడ్డాయి. మొదటిదాన్ని పట్టుకుని నా ప్రోగ్రాం కిందా మీదా పడుతుంటే, వెనకవన్నీ పేరుకుపోయాయి. ఆ పోస్టుల్ని మాకు పంపే సోషల్ మీడియా కంపెనీవాళ్ళు, ఇంత నెమ్మదిగా వినేవాళ్ళు మాకక్కర్లేదని లైను కోసేశారు. సరిగ్గా కావలసిన పూట దానికి చెవుడొచ్చింది.

ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే మాస్టారు పక్క కుర్చీ లాక్కున్నారు.

"వినేవాడికి పని చెప్పకూడదమ్మాయ్. వినేవాడు ఊఁ అనాలి, విన్నది పక్కనున్న గంపలో పడెయ్యాలి, మళ్ళీ చెవి ఒగ్గాలి. గంపలోంచి తీసి చేసేవాళ్ళు వేరే ఉంటారు. ఊఁ అంటే విన్నానని. సరే అంటే చేస్తానని. ఆ రెండూ కలిపేశావా, ఎక్కడిదక్కడే చచ్చి ఊరుకుంటది."

అలాగే రాశాను. వినే భాగానికి 'ఊఁ' అనే పేరు పెట్టాను. ఆ తర్వాత ఎన్ని పోస్టులు వచ్చినా అది తొణకలేదు. ఇంకో తమాషా కూడా చేశాను. పోస్టు అందినప్పుడు రైతుల ఫోన్లలో ఏదో ఒక మోత రావాలి కదా. టీచరుగారితో మాట్లాడుతున్నప్పుడు మాస్టారికి తెలియకుండా ఆయన ఊఁ ఒకటి రికార్డు చేసి, అదే పెట్టేశాను. విని పడీ పడీ నవ్వారు. ఉండనీ అన్నారు.

ఇక రైతుల్ని ఒప్పించడం మిగిలింది. అది మాటలతో అయ్యే పని కాదు. మా వైపు కాపు సంగతి బయటపెట్టరు. బయటివాళ్ళు ఎవరైనా ఈ ఏడు కాయ ఎలా ఉందని అడిగితే "ఏదో ఉందిలెండి" అంటారు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. బేరం కూడా నోటితో ఆడరు పాతవాళ్ళు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకి తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనపడదు. ఈ రోజుల్లో చాలామంది మానేశారు గానీ పెదనాన్న మానలేదు. అలాంటి మనిషిని, నీ తోటలో ఏం జరుగుతోందో లోకమంతా చూసేచోట రాయి పెదనాన్నా అని అడగాలి.

అడగబోయే ముందు మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"ఇది వ్యాపారుల చేతికి పోకూడదండీ. రైతులకే. మావాళ్ళకి నేను మాటిస్తున్నాను," అన్నాను.

బొటనవేలు కుర్చీ చేతి మీద తట్టింది. "ఊఁ," అన్నారు మాస్టారు.

ఆ ఊఁని గుండెల్లో పెట్టుకుని మా ఊరొచ్చాను. పెదనాన్న అంతా విని ఒక్కటే అడిగాడు.

"వ్యాపారి చూస్తేనో?"

"చూసినా ఎక్కడెక్కడో పడుండే ముక్కలు పెదనాన్నా. వాటిని ఏరి ఒకచోట చేర్చేది మాస్టారొక్కరే. ఆయన రైతులకే ఇస్తారు."

"మాటిచ్చాడా?"

"ఇచ్చారు."

పెదనాన్న తలూపాడు. ఆయన తలూపితే మిగతావాళ్ళూ ఊపారు. ఆ ఏడు మైలవరంలో గాలి లేవగానే మావాళ్ళ జేబుల్లో ఊఁ వినపడేది. నిచ్చెనలు, కాయలు కోసే చిక్కాలు పట్టుకుని తోటల్లోకి పరిగెత్తేవాళ్ళు. "మాస్టారు విన్నాడు" అని నవ్వుకునేవాళ్ళు. పెదనాన్న కొడవలి కంటే ముందు ఫోను అందుకోవడం నేర్చుకున్నాడు. దారిలో కనిపించినవాళ్ళందరికీ "మా అమ్మాయే చేసింది" అని చెప్పుకునేవాడు. నా చదువుకి ఆ ఊళ్ళో దక్కిన గౌరవం అంతా ఆ ఒక్క మాటే.

మరుసటి ఏడు గాలి మా మీదే ముందు పడింది. పెదనాన్న తోటలో సగం రసాలు నేల పాలయ్యాయి. మిగతా తోటల వాళ్ళకైనా తెలియాలని తనే పోస్టు పెట్టాడు. సగం రాలింది, మిగిలింది తొందరగా దింపెయ్యాలి, కూలీలు దొరకడం లేదు, మీరు జాగ్రత్తపడండి అని. ఎదుటివాడి మేలు కోరి రాసిన ముక్కలవి.

మర్నాడు వ్యాపారి వచ్చాడు. ఆ పొద్దున ఇంకో వ్యాపారి వచ్చి, బాగా తక్కువ ధరకి అడిగి వెళ్ళాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. చెట్టు కింద మంచం మీద కూర్చుని ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకున్నారు. తువ్వాలు ఒకసారి కదిలింది. పెదనాన్న మొహం మాడిపోయింది.

"పొద్దున వచ్చినాయన కూడా ఈ వేలే పట్టుకున్నాడే," అన్నాడు పెదనాన్న. "మీరంతా ఒక్క బళ్ళో చదివారా ఏంటబ్బాయ్?"

వ్యాపారి నవ్వి ఏదో అనబోయాడు. అప్పుడు పెదనాన్న చొక్కా జేబులో "ఊఁ" అంది. ఎక్కడో ఇంకో రైతు ఏదో పోస్టు పెట్టాడన్నమాట. సరిగ్గా అప్పుడే వ్యాపారి జేబులోనూ "ఊఁ" అంది. ఒకటే గొంతు. టీచరుగారితో మాట్లాడుతుండగా నేను దొంగతనంగా పట్టుకున్న ఊఁ.

వ్యాపారి చెయ్యి జేబు మీదికి పోయింది. పెదనాన్న ఆ జేబు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. తువ్వాలు కిందనుంచి చెయ్యి తీసేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇంక దీంతో పనేముంది? చెయ్యి పెట్టకముందే నా వేళ్ళు నీ దగ్గరున్నాయి. నోటితోనే చెప్పు అబ్బాయ్, ఎంతిస్తావో."

ఆయన జీవితంలో ఇంకొకరికి వినపడేలా నోటితో బేరమాడటం అదే మొదటిసారి. అడిగిన ధరకే ఇచ్చేశాడు. వ్యాపారి వెళ్ళాక నేను ఏదో చెప్పబోయాను. "నువ్వు చెప్పావనే పెట్టానమ్మా," అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. కోప్పడినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నూజివీడు వెళ్ళి మేడ మెట్లెక్కాను. మాస్టారు కాగితంలో పచ్చిమామిడి ముక్కలు పెట్టుకుని ఉప్పూకారం అద్దుకుని తింటున్నారు. గాలికి రాలిన కాయ. ఎవరో రైతు అభిమానంగా తెచ్చిచ్చాడట.

"వ్యాపారి ఫోన్లో మీ గొంతు విన్నానండీ," అన్నాను.

"ఊఁ."

"మా పెదనాన్న తోటలో."

"ఊఁ."

"వాళ్ళకి కూడా పంపుతున్నారా?"

"ఊఁ."

"ఊఁ అనకండి మాస్టారూ. మాట్లాడండి."

ముక్క నోట్లోంచి తీసి కాగితంలో పెట్టారు. "జనం బాహాటంగా రాసుకున్నదేగా అమ్మాయ్. నేనేమన్నా ఎవరింట్లోనన్నా దూరి తెచ్చానా? ఈ గది, ఈ సర్వర్లు ఊరికే నడుస్తాయా? నేను ఇవ్వకపోతే రేపు ఇంకోడిస్తాడు. ఎంతమంది విన్నా ఏరు తగ్గదు. రైతులకి అందేది అందుతానే ఉందిగా?"

"మీరు మాటిచ్చారు."

అప్పుడు కళ్ళజోడు నుదుటి మీదనుంచి దింపి పెట్టుకుని నన్ను చూశారు. నాతో మాట్లాడుతూ ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఊఁ అన్నానమ్మాయ్. సరే అన్లేదు. ఆ రెంటికీ తేడా నీకు నేర్పిందే నేను."

అబద్ధమాడినా ఊరుకునేదాన్ని. డబ్బుకి కక్కుర్తిపడ్డానని ఒప్పుకున్నా నాలుగు తిట్టి వచ్చేదాన్ని. నాకు చెప్పిన పాఠంతోనే నా గొంతు కోశారు ఆయన. ఎంత తీరిగ్గా కోశారంటే, ఒక్క క్షణం తప్పు నాదేనేమో, సరిగ్గా వినలేదేమో అనిపించింది. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక గానీ ఏడుపు రాలేదు. నాలాంటి పిల్ల తన దగ్గర కూర్చుని, మావాళ్ళకి మాటిస్తున్నానండీ అంటే, ఆ ఊఁని నేను ఏమనుకుంటానో ఆ మనిషికి తెలియదా? తెలుసు. ఎవరి ఊఁ ఏ రకమో ఆయనకి తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఊళ్ళో ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను వస్తుంటే కాపు మాటలు ఆపేసి, పెళ్ళిళ్ళ సంగతో, ఎండల సంగతో ఎత్తుకునేవాళ్ళు. జనవరిలో ఓ రోజు తోట పూతతో విరగబూసి ఉంటే, నేనే ఉండబట్టలేక, "పూత బాగుంది కదా పెదనాన్నా?" అన్నాను.

"ఏదో ఉందిలేమ్మా," అన్నాడు.

నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆ మాట బయటివాళ్ళకి చెప్పేది.

మాస్టారికి ఒంట్లో బాగాలేదని ఆ మధ్య విన్నాను. వెళ్ళలేదు. ఈ వేసవి మొదట్లో ఆయనే ఫోను చేశారు. గొంతు బాగా నీరసించిపోయింది. మేడ మీద గది ఖాళీ చేసేశానన్నారు. ఏ మందులు పడటం లేదో చెప్పారు. టీచరుగారు ఉప్పు లేని కూర పెట్టి చంపుతున్నారన్నారు. ఆయన చెబుతూనే ఉన్నారు, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఏం రోజులొచ్చాయి అనుకున్నాను. చివరికి కాస్త ఆగి, "ఆ వ్యాపారుల సంగతి నేను అట్లా చేసుండకూడదమ్మాయ్. మనసులో పెట్టుకోకు," అన్నారు.

"ఊఁ," అన్నాను.

ఆయన ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఫ్యాను చప్పుడు, పక్క గదిలో గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. దోసె కోసం నిలబడని మనిషి, బస్సు కోసం నిలబడని మనిషి, నా నోట్లోంచి వచ్చే ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నారు. నాకు తెలుసు అది ఏ మాటో. జాలి వెయ్యలేదా అంటే వేసింది. కానీ పెదనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకోవడం కళ్ళముందు కదిలింది. ఆ తువ్వాలు ఆయన మళ్ళీ బేరానికి తియ్యలేదు.

"ఉంటానండీ," అని నేనే పెట్టేశాను.

నిన్న వాళ్ళింటి దగ్గర మాస్టారి కోసం ఆదరణ కూడిక, అదే సంతాప ప్రార్థన, జరిగింది. వెళ్ళకూడదనే అనుకున్నాను. పెదనాన్నే బండి తీసి, "పద, దింపుతాను. చదువు చెప్పిన మనిషి," అన్నాడు. లోపలికి మాత్రం రానన్నాడు. రోడ్డవతల బండి మీదే కూర్చున్నాడు.

షామియానా నిండా జనం. చాలామంది రైతులే. పాస్టరుగారు ప్రార్థన చేశారు. తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి మాస్టారు తమ కష్టం ఎంత ఓపిగ్గా వినేవారో చెప్పారు. నేను కుర్చీ అంచు మీద కూర్చుని పళ్ళు బిగించి విన్నాను. అయిపోగానే జారుకుందామని లేస్తే టీచరుగారు చూసేశారు. వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"నీ సంగతే బెంగ పెట్టుకున్నారమ్మా ఆయన. అంతమందితో మాట్లాడారు గానీ నీకు ఫోను చెయ్యడానికే భయపడ్డారు. చేసిన రోజు మొహం ఎంత తేటపడిందనుకున్నావు! 'అమ్మాయి సరే అంది' అన్నారు. ఆ పూట అన్నం కూడా తిన్నారు."

సరే అన్నానా నేను? ఆ రెంటికీ తేడా నేర్పిన మనిషి, తేడా తెలిసీ నన్ను దెబ్బకొట్టిన మనిషి, తన వంతు వచ్చేసరికి నా ఊఁని సరే చేసేసుకున్నారు. నేను ఇవ్వనిది నా దగ్గర్నుంచి తీసుకుని, అన్నం తిని, వెళ్ళిపోయారు. మా తోటల దగ్గర తీసుకున్నట్టే తీసుకున్నారు. ఇప్పుడు మెట్లెక్కి వెళ్ళి అడుగుదామన్నా మేడ మీద గది లేదు.

టీచరుగారు నా మొహంలోకి చూస్తున్నారు.

"అన్నావు కదమ్మా?" అని అడిగారు.

రోడ్డవతల పెదనాన్న బండి మీద కూర్చుని నా కోసం చూస్తున్నాడు. నేను టీచరుగారి చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"ఊఁ," అన్నాను.